రెండు వేళ్ళు పొట్టి అర

లీడ్స్,
4 ఫిబ్రవరి 2013

అన్నయ్యకి,

నీ చెవి ఎలా ఉంది? క్రిస్మస్‌కి ఫోన్ చేసి "ఒంట్లో బాగుందా" అని నేనడిగితే నువ్వు "ఇంకా పడలేదు, మబ్బు మాత్రం పట్టింది" అన్నావు. మనిద్దరికీ కాగితమే నయం.

నీతో ఒక పని పడింది. నా కళ్ళలో ఒత్తిడి పెరుగుతోందట. ఎడమ కన్ను చుట్టూ అంచులు మసకబారిపోయాయి, గొట్టంలోంచి చూస్తున్నట్టుంది. ఆపరేషన్ చేస్తే ఉన్న చూపు ఉన్నట్టు నిలుస్తుందట, ఆలస్యమైతే పోయింది మళ్ళీ రాదట. రోజు కూడా ఇచ్చారు. తీరా వెళితే కౌంటర్లో కాగితాలడిగారు. నేను ఈ దేశానికి ఎప్పుడొచ్చానో రుజువు కావాలట. పాత చట్టం ఉన్నప్పుడు వచ్చినవాళ్ళకి ఒక లెక్క, తరవాత వచ్చినవాళ్ళకి ఇంకొక లెక్క. అరవై నాలుగులో వచ్చాను తల్లీ అన్నాను. "కాగితం ఉందా?" అంది ఆ పిల్ల. నలభై ఏళ్ళు ఇక్కడి దుప్పట్లు ఉతికాను, ఆ లాండ్రీ మూతపడింది. చదివిన బడి పడగొట్టి కార్లు నిలుపుకుంటున్నారు. ఎర్మిన్ పిన్ని పాస్‌పోర్టు మీద వచ్చిన దాన్ని, పిన్ని పోయింది, ఆ పాస్‌పోర్టు ఏమైందో తెలియదు.

జొయ్స్‌తో (పక్కింటావిడ, నీకు ఇదివరకు రాశాను) మాట్లాడుతుంటే గుర్తొచ్చింది. మన 'హార్బర్ గెజిట్' పేపర్లో శనివారం శనివారం ఓడెక్కినవాళ్ళ పేర్లు వేసేవారు కదా. అమ్మ మొట్టమొదట ఆ వరసే చదివేది. మేం వెళ్ళిన వారం పేపరు లైబ్రరీలో ఉంటుంది. అక్కడ నలభై ఐదేళ్ళు పేపర్లకి బైండింగు చేసింది నువ్వే. ఆ ఒక్క పేజీ నకలు తీయించి పంపు. సెప్టెంబరు ఆఖరు దాకా గడువిచ్చారు. పెద్ద పనేం కాదు కదా.

నీ చెల్లెలు
ఫిలొమెన్

పోర్ట్ ఎలోయ్,
2 మార్చి 2013

చెల్లీ,

నీ ఉత్తరం ఇరవై రోజులు ఎక్కడ తిరిగిందో తెలియదు గానీ, కవరు మీద మూడు దేశాల ముద్రలున్నాయి. మనింట్లో నాకంటే ఎక్కువ దేశాలు చూసింది అదే.

కంటి సంగతి చదివి కోకో తాగడం మరిచిపోయాను. పేజీ సంగతికి వస్తున్నాను. ముందు ఒక మాట చెప్పాలి.

మన లైబ్రరీ ఎలా పుట్టిందో నీకు తెలుసా? ఎవరో దొరగారి భార్య బదిలీ మీద వెళుతుంటే సామాను బరువెక్కువైందని ఓడ కెప్టెన్ గొణిగాడట. ఆవిడ మూడు పెట్టెలు దింపించి, "ఇవి ఈ దీవి ప్రజలకి" అంది. తెరిచి చూస్తే రెండు పెట్టెల నిండా చర్చి ప్రసంగాలు, మూడోదాంట్లో గుర్రాల జబ్బుల మీద పుస్తకాలు. అదే మన లైబ్రరీ. కస్టమ్స్ ఆఫీసు మేడమీద ఒక గదిలో పెట్టి, తలుపు మీద రాశారు: కాలికి బూట్లు లేనివాళ్ళు లోపలికి రాకూడదు. దీవి మొత్తం మీద బూట్లున్నవాళ్ళు ఎంతమంది ఉంటారు, వాళ్ళలో చదివేవాళ్ళెంతమంది? అందుకని మెట్ల కింద కూర్చునే చెప్పులు కుట్టే ముసలాయన ఒక జత బూట్లు సిద్ధంగా ఉంచేవాడు. పైకి వెళ్ళేవాడు తొడుక్కోవడం, దిగొచ్చి విప్పెయ్యడం. ఊరంతటికీ అదే జత. అందుచేత చాలా ఏళ్ళ పాటు ఈ దేశంలో ఒక్కసారికి ఒక్కడే చదువుకున్నాడు. మన తాత లియోన్స్ ఆ బూట్లలో గుడ్డపీలికలు కుక్కుకుని వెళ్ళి గుర్రాల దగ్గు గురించి చదివాడు. తాతకి గుర్రమేది? ఊళ్ళో ఎవరికి దగ్గొచ్చినా ఆ వైద్యమే చేశాడు. కొందరికి తగ్గింది కూడా.

నీకివన్నీ ఎందుకు రాస్తున్నానంటే, లైబ్రరీ ఇప్పుడు లేదు. అంటే ఉంది, తెరిచి లేదు. కప్పు కారుతోందని 2005లో మూశారు, "ఆరు నెలల్లో తెరుస్తాం" అని బోర్డు పెట్టారు. ఆ బోర్డుకి రెండుసార్లు రంగు కూడా వేశారు. పుస్తకాలు పెట్టెల్లో సర్ది, గట్టు మీద పాత నిమ్మరసం ఫ్యాక్టరీలో పెట్టి తాళం వేశారు. నేను ఉద్యోగం మాని ఇంటికొచ్చిందీ అప్పుడే.

అయినా వెళతాను. ఇంకొక సంగతి కూడా ఉంది, అది తరవాత రాస్తాను.

కంట్లో వేసే చుక్కలు మానకు.

అన్నయ్య
అల్ఫియస్

లీడ్స్,
28 మార్చి 2013

అన్నయ్యా,

నేను ఒక పేజీ అడిగాను. నువ్వు తాత బూట్లు పంపావు.

జొయ్స్‌కి చదివి వినిపిస్తే కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను, కానీ తరవాత ఏడుపొచ్చింది. అక్కడ నీకు రోజులు తీరిగ్గా ఉన్నాయి, ఇక్కడ నాకు లేవు. మొన్న మళ్ళీ పిలిచారు. కొత్త పిల్ల, మంచిదే, నాకు కుర్చీ జరిపింది. "మీరు ఏ విమానంలో వచ్చారు?" అంది. "ఓడలో వచ్చానమ్మా, పదమూడు రోజులు" అన్నాను. "ఓడ పేరు?" పదమూడేళ్ళ పిల్లకి ఓడ పేరేం గుర్తుంటుంది? వాంతులు గుర్తున్నాయి, పిన్ని ఒడి గుర్తుంది, ఉడికించిన అరటికాయలు కట్టుకున్న గుడ్డ మూట గుర్తుంది. అవి రాసుకోవడానికి వాళ్ళ ఫారంలో గడి లేదు.

రుజువు దొరక్కపోతే ఆపరేషన్ లేకపోవడమే కాదు, ఈ దేశంలో ఉండటానికే వీల్లేదనొచ్చట. అరవై రెండేళ్ళ వయసులో నన్ను ఎక్కడికి పంపుతారు? నీ దగ్గరికేనా? నేను వస్తానని భయపడుతున్నావేమో. భయపడకు. నేను అడిగింది ఒక్క పేజీ.

ఆ 'ఇంకొక సంగతి' ఏమిటో వెంటనే రాయి.

ఫిలొమెన్

పోర్ట్ ఎలోయ్,
30 ఏప్రిల్ 2013

చెల్లీ,

నువ్వొస్తే భయమెందుకు? ఉన్న రెండు గదుల్లో వానకి కారని గది నీకే. ఈ మాట మళ్ళీ రాయకు.

తాళం చెవుల కోసం తిరుగుతున్నాను. సాంస్కృతిక శాఖలో ప్రోస్పర్ అని ఒక ఆఫీసరు ఉన్నాడు. మన బేకరీ ఏంజెలా మనవడు, చిన్నప్పుడు లైబ్రరీలో బల్ల కింద పడుకుని బొమ్మల పుస్తకాలు చూసేవాడు. అందుకే కాస్త మర్యాద.

"తాళం చెవి నా దగ్గరే ఉంది పెద్దాయనా" అన్నాడు.

"అయితే లే, వెళ్ళి తీద్దాం."

"ఇది లోపలి గదిది. బిల్డింగు తలుపు వ్యవసాయ శాఖది. నిమ్మకాయలు వాళ్ళవి కదా."

"నిమ్మకాయలు పోయి ముప్పై ఏళ్ళయింది నాయనా."

"తాళం పోలేదుగా. బయటి గేటేమో రేవు శాఖది. ముగ్గురం ఒక్కసారి వస్తేనే తెరవాలని రూలు."

"సరే, మిగతా ఇద్దరూ ఎక్కడ?"

"వ్యవసాయం ఆయన శిక్షణకని పరదేశం వెళ్ళాడు. రేవు ఆయన ఉన్నాడు గానీ, వ్యవసాయం ఆయన లేకుండా నన్ను చూడడు."

"ఎందుకు?"

"మా ఇద్దరికీ మాటల్లేవు. క్రికెట్టు క్లబ్బు గొడవ."

ఇదీ మన జాతీయ గ్రంథాలయం పరిస్థితి. జాతీయం అంటే గుర్తొచ్చింది. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు నువ్విక్కడ లేవు. కొత్త జెండా వచ్చింది, కొత్త తపాలా బిళ్ళ వచ్చింది, జాతీయ పక్షి కూడా వచ్చింది. లైబ్రరీ వంతు వచ్చేసరికి మంత్రిగారికి ఇంకేం తోచలేదు. పాత బోర్డు అలాగే ఉంచి, 'జాతీయ' అని విడిగా చిన్న పలక రాయించి పైన మేకులు కొట్టించారు. గట్టి గాలి వస్తే అది ఊడి కిందపడేది. నేనే నిచ్చెనెక్కి మళ్ళీ కొట్టేవాణ్ణి. ఈ దేశంలో లైబ్రరీని అన్నిసార్లు జాతీయం చేసినవాడు ఇంకొకడు లేడు.

దానికి ముందు, లైబ్రరీకి రాతి భవనం కట్టినప్పుడు, సముద్రానికి అవతల ఎవరో ధనవంతుడు అరలు దానం చేశాడు. ఉత్తర దేశం నుంచి ఓడలో, ముక్కలకి నంబర్లు వేసి మరీ వచ్చాయి. మంచి ఓక్ చెక్క. బిగించి చూస్తే మన గెజిట్ పేపరు నిలువునా పట్టదు, అర రెండు వేళ్ళు పొట్టి. అరలకి ఎక్కడా ఉలి తగలకూడదని దాత షరతు. పుస్తకాల్ని పడుకోబెడదామంటే మిస్ అలెయిన్ ఒప్పుకోదు. మా పెద్ద లైబ్రేరియన్ ఆవిడ, తెల్ల చేతితొడుగులు, పిప్పరమెంటు వాసన. "అల్ఫియస్, పడుకున్న పుస్తకం ఎవరూ తియ్యని పుస్తకం" అనేది. చెక్కని కొయ్యకూడదు, పుస్తకాన్ని పడుకోబెట్టకూడదు. ఇంక మిగిలిందేమిటో నువ్వే ఆలోచించు. ఆ రోజుల్లో అందరం నవ్వుకునేవాళ్ళం.

వ్యవసాయం ఆయన జూన్‌లో వస్తాడట.

సీమపనసలు ఈ ఏడు బాగా కాశాయి. తినడానికి ఒక్కణ్ణే.

అల్ఫియస్

లీడ్స్,
3 జూన్ 2013

అన్నయ్యా,

ఈ ఉత్తరం జొయ్స్ చేత రాయిస్తున్నాను. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి. జొయ్స్ చేతిరాత నా రాతకంటే బాగుందిలే.

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి 'మిగిలిందేమిటో నువ్వే ఆలోచించు' అన్న చోట ఆగమన్నాను. మూడోసారికి అర్థమైంది.

పేపర్లో తేదీ ఎక్కడ ఉండేది? ప్రతి పేజీకీ నెత్తిన, ఆ రెండు వేళ్ళ మేరలోనే కదా? అర పట్టలేదని నువ్వు కోసింది అదే కదా?

ఇదేనా నీ 'ఇంకొక సంగతి'? ఫిబ్రవరిలోనే నీకు తెలుసు. నాకు చెప్పకుండా దొరగారి భార్య పెట్టెలు చెప్పావు, బోర్డు చెప్పావు, క్రికెట్టు క్లబ్బు కూడా చెప్పావు. నేనిక్కడ ఆ పిల్లకి "మా అన్నయ్య పంపిస్తున్నాడు, మా దేశపు లైబ్రరీ వాడే" అని గొప్పగా చెప్పుకున్నాను.

ఇంకొకటి కూడా అడిగేస్తాను, కళ్ళు పోతున్నప్పుడు మొహమాటమెందుకు. ఓడెక్కిన రోజు అమ్మ వచ్చింది, పాస్టరు వచ్చాడు, చేపలమ్మే నోరిస్ కూడా వచ్చి ఏడ్చాడు. నువ్వు రాలేదు. నువ్వు కనిపిస్తావేమోనని పిన్ని చెయ్యి విడిపించుకుని కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. నా పీడ విరగడైందనుకున్నావా? ఇన్నేళ్ళూ అడగలేదు.

రాయడం నావల్ల కాదని జొయ్స్ అంటోంది. తనకీ కళ్ళు తుడుచుకోవాలట.

ఫి.

పోర్ట్ ఎలోయ్,
1 జులై 2013

ఫిలొమెన్,

ఈసారి బోర్డులూ బూట్లూ లేవు.

అవును, కోశాను. మిస్ అలెయిన్ చెప్పింది, నేను మిషను కింద పెట్టి మీట లాగాను. పందొమ్మిది వందల అరవై నుంచి ప్రతి జనవరిలోనూ నిరుటి పేపర్లు కుట్టి, తెరచాప గుడ్డతో అట్ట కట్టి, నెత్తిన రెండు వేళ్ళు కోసేశాను. వీపు మీద సంవత్సరం సిరాతో రాసేవాణ్ణి, అదీ నా చేత్తోనే. కోసిన ముక్కలు గంపలకెత్తి పొయ్యిలోకి ఇచ్చేవాళ్ళం. లోపల వార్తలన్నీ ఉన్నాయి, ఏ రోజువో తెలియదు. పెళ్ళిళ్ళున్నాయి, చావులున్నాయి, పడవలు మునగడాలున్నాయి. ఎప్పుడంటే చెప్పేవాడు లేడు. ఒక దేశపు తేదీలన్నీ కోసి పొయ్యిలో పెట్టినవాడు మీ అన్నయ్య. అర చక్కగా నిండిందని నాకు మెచ్చుకోలు కూడా దక్కింది.

ఎందుకు చెప్పలేదంటావా? మొదటి ఉత్తరం చదవగానే తెలిసింది. నీకు రాద్దామని కూర్చుంటే చెయ్యి దొరగారి భార్య దగ్గరికే వెళ్ళింది. నేను కోసింది నీ కన్నునే అని రాయడానికి నాకు చేతకాలేదు.

రేవు సంగతి. ఆరోజు పన్నెండింటికి ఓడ. నేను పదకొండింటికే బయల్దేరాను. లైబ్రరీ మెట్లు దిగాను, వంతెన దాకా వచ్చాను. వంతెన మీద నిలబడితే ఓడ కనపడింది. నిన్ను అంత దూరం నుంచి చూడటమే కష్టంగా ఉంది, దగ్గరికొచ్చి ఏం చేస్తాను? అమ్మ ముందు ఏడ్చే వయసు కాదు, ఏడవకుండా ఉండే వయసూ కాదు. అక్కడే నిలబడిపోయాను. కమ్మీ దగ్గర పసుపు గౌను కనిపించింది. అది నువ్వేనా?

వెనక్కి వెళ్ళి మూడింటి దాకా బంక కలిపాను. ఎవరికీ అవసరం లేనంత బంక.

వ్యవసాయం ఆయన వచ్చాడు. ఆగస్టు ఐదున ముగ్గురూ వస్తామన్నారు. ఆ ఏటి పేపర్లకి బైండింగు ఎలా చేశానో నాకు గుర్తు లేదు. నీ పేజీ మీద కూడా కత్తి దిగే ఉంటుంది. అయినా వెతుకుతాను. ఇంకేం చెయ్యాలో తెలియడం లేదు.

అన్నయ్య

పోర్ట్ ఎలోయ్,
9 ఆగస్టు 2013

చెల్లీ,

దొరికింది. కుదురుగా కూర్చుని విను. జొయ్స్ గారూ, మెల్లగా చదవండి.

ఐదో తారీఖున ముగ్గురు ఆఫీసర్లూ వచ్చారు. రేవు ఆయన గేటు తీసి మొహం అటు తిప్పుకున్నాడు, ప్రోస్పర్ మొహం ఇటు తిప్పుకున్నాడు. లోపల నిమ్మకాయ వాసన ఇంకా పోలేదు. పెట్టెలు కప్పుదాకా ఉన్నాయి. సర్దినవాళ్ళు జైలు నుంచి వచ్చిన మనుషులు, వాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పలేదు, పెట్టెలో ఏది పడితే అది సైజు ప్రకారం పెట్టారు. ప్రార్థనల పక్కన కోళ్ళ పెంపకం, దాని పక్కన భూగోళం. చిత్రమేమిటంటే ఆ బుద్ధే మనకి కలిసొచ్చింది. అన్నిటికంటే పొడుగు పెట్టెలు పదకొండే, పేపర్లన్నీ అందులోనే ఉన్నాయి. నేను తల కోసినవే ఇప్పటికీ అందరికంటే పొడుగు.

మూడో రోజు మధ్యాహ్నం తెరచాప గుడ్డ చేతికి తగిలింది. గుడ్డని చేత్తో గుర్తుపట్టాను చెల్లీ, కళ్ళతో కాదు. ఒక ఏడాది తుఫానుకి లైబ్రరీ కప్పు ఎగిరిపోయి పుస్తకాలన్నీ తడిస్తే, ఊరి ఆడవాళ్ళు చర్చి బల్లల మీద పరిచి ఇస్త్రీ పెట్టెలతో ఒక్కొక్క పేజీ ఆరబెట్టారు. ఈ తెరచాప గుడ్డవి మాత్రం ఎండలో పెడితే చాలింది. వీపు మీద సిరాతో 1964.

తెరిచాను. జనవరి, నెత్తి లేదు. ఫిబ్రవరి, లేదు. అన్నీ మొండాలే. సెప్టెంబరు దగ్గరికొచ్చేసరికి ఒక కాగితం మందంగా తగిలింది. పైభాగం లోపలికి మడిచి ఉంది, రెండు వేళ్ళ మేర. కుట్టే ముందు ఏదైనా పేజీని కత్తి నుంచి దాచాలంటే బైండరు అలా మడుస్తాడు. మడత విప్పాను. శనివారం, 12 సెప్టెంబరు 1964. అచ్చు నిన్న పడ్డట్టుంది.

మడిచినవాణ్ణి నేనే. ఇరవై రెండో ఏట చేసిన పని, నాకు ఇసుమంతైనా గుర్తు లేదు. నా పక్కన ప్రోస్పర్ "ఏమైంది పెద్దాయనా, కూర్చోండి" అన్నాడు. కూర్చోవడానికి ప్రార్థనల పెట్టె ఉంది.

ఇప్పుడు పేర్లు. 'మంగళవారం ఓడెక్కినవారు' అని వరస. పద్దెనిమిదో పేరు: 'శ్రీమతి ఎర్మిన్ లారోండ్, మరొక పిల్ల.'

అంతే రాశారు.

పద్నాలుగేళ్ళ లోపు వాళ్ళకి పేర్లు వేసేవారు కారు. ఎడిటరుకి చోటు చాలదు. నేనెన్ని వందలసార్లు ఆ వరసలు చూశానో, ఇది ఎన్నడూ మనసుకి రాలేదు. వరసలో ఇంకా ముగ్గురున్నారు, 'మరొక పిల్ల', 'ఇద్దరు పిల్లలు'.

'మరొక పిల్ల' పక్కన అంచులో పెన్సిలుతో చిన్న అక్షరాలున్నాయి: 'ఫిలొమెన్. మా చెల్లి.' లైబ్రరీ కాగితం మీద రాస్తే ఉద్యోగం తీసేసేవాళ్ళు. రాశాను మరి.

నకలు తీసే మిషను సాంస్కృతిక శాఖ ఆఫీసులోనే ఉంది. ప్రోస్పర్ సంతకం పెట్టించుకుని ఆ బైండు పుస్తకాన్ని ఒక్క రోజుకని నా చేతికిచ్చాడు. నకలు ఇందులో పెట్టాను. లైబ్రరీ ముద్ర కావాలంటారని, నా పాత సొరుగులో ఉన్న ముద్ర వేశాను. అందులో 'జాతీయ' లేదు. అది పలక మీదే ఉండేది.

ఇది చాలుతుందా? చాలాలని కోరుకుంటున్నాను. కోరుకోవడం ఒక్కటే నాకు చేతనైన పని.

అన్నయ్య
అల్ఫియస్

లీడ్స్,
14 అక్టోబరు 2013

అన్నయ్యా,

రాస్తున్నది జొయ్స్. మాటలు నావి.

నకలు తీసుకుని గడువుకి తొమ్మిది రోజుల ముందే వెళ్ళాను. కుర్చీ జరిపిన పిల్లే. చాలాసేపు చూసింది. తేదీ బాగుందంది.

"ఈ పిల్ల ఎవరండీ?" అంది.

"నేనే."

"మీరని ఇందులో లేదే."

"పక్కన రాసుంది చూడు తల్లీ."

"ఇది చేత్తో రాసింది. రాసిందెవరు?"

"మా అన్నయ్య."

"ఎప్పుడు రాశారు?"

"అప్పుడే. ఇరవై రెండో ఏట."

ఆ పిల్ల తల దించుకుంది. కొత్తగా రాసింది కాదని ఎలా తెలుస్తుందంది. రాసినవాడు బంధువు, ముద్ర వేసినవాడూ బంధువే అంది. ఆ పేరుతో ఇప్పుడు ఏ లైబ్రరీ లేదని కంప్యూటర్లో చూసి చెప్పింది. మా దేశంలో ఉన్నది అది ఒక్కటే అన్నాను. నా వెనక వరస పెరిగిపోయింది. మంచి పిల్లే, లేచి వచ్చి నన్ను గుమ్మం దాకా నడిపించింది.

కాగితం కిందటి వారం వచ్చింది. 'ఆధారం సరిపోదు.' పైవాళ్ళకి రాసుకోవచ్చట, ఏడాది పట్టొచ్చట. ఎడమ కన్ను పోయింది. కుడి కన్నుతో కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది, అందులో ఏముందో తెలియదు. పంపించేస్తారో ఉంచుతారో ఇంకా చెప్పలేదు. రోజూ పోస్టువాడి అడుగులు వింటున్నాను.

నీ మీద కోపం లేదు. పసుపు గౌను నేనే. వంతెన మీద ఎవరో నిలబడ్డారని పిన్నికి చెప్పాను కూడా. జాలరి అయ్యుంటాడులే అంది.

ఆ పేజీ విప్పి వదలకు. ఎలా ఉందో అలా మడిచి పెట్టెయ్.

ఇట్లు,
మరొక పిల్ల

పోర్ట్ ఎలోయ్,
18 నవంబరు 2013

చెల్లీ,

నువ్వు చెప్పినట్టే మడిచాను. తిరిగి ఇచ్చేద్దామని తీసుకెళితే, ప్రోస్పర్‌ని వేరే దీవికి బదిలీ చేశారు. వ్యవసాయం ఆయన రిటైరయ్యాడు. రేవు ఆయన గేటు దాకా వచ్చాడు గానీ, ఆ పెట్టెల్లో పుస్తకాలు లేవని రిజిస్టరులో ఉందన్నాడు. నిమ్మకాయలని ఉందట. లేని లైబ్రరీకి పుస్తకమెలా తీసుకుంటానన్నాడు. చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

కాబట్టి ఈ దేశపు జాతీయ గ్రంథాలయం ప్రస్తుతం మన వంటింటి బల్ల మీద ఉంది. ఒక్కటే పుస్తకం, పడుకునే ఉంది. మిస్ అలెయిన్ చూడటానికి లేదు.

నోరిస్ కొడుకు చూసి వాళ్ళమ్మకి చెప్పాడు, ఆవిడ చర్చిలో చెప్పింది. ఇప్పుడు సాయంత్రం పూట ఎవరో ఒకరు వస్తున్నారు. ఆ ఏడు ఓడెక్కినవాళ్ళ తాలూకు వాళ్ళు. చేతులు కడుక్కోమంటున్నాను, అంతే. బూట్లు అడగడం లేదు. మొన్న తొంభై ఏళ్ళ మిసెస్ తియొడోర్ వచ్చి, మార్చి నెలలో ఒక 'ఇద్దరు పిల్లలు' మీద వేలు పెట్టి, "పెద్దది జెనీవ్, చిన్నవాడు క్లెమెంట్, రాయి" అంది. రాశాను. పెన్సిలుతోనే. ఇవి ఎక్కడా చెల్లవని చెప్పాను. "చెల్లడానికి కాదులే, రాయి" అంది. పదకొండు పేర్లయ్యాయి.

నీ విషయంలో నాకింక చేతనైంది లేదు. పైవాళ్ళకి నేనూ ఒక ఉత్తరం రాశాను, అరలు రెండు వేళ్ళు పొట్టిగా వచ్చిన దగ్గర్నుంచి మొదలుపెట్టి. చదువుతారని నమ్మకం లేదు. వానకి కారని గదిలో మంచం వేసి ఉంచాను. నువ్వు రావాలని కాదు, పంపితే ఉండాలని.

కళ్ళు ఎలా ఉన్నా ఉత్తరాలు మానకు. మాటలు జొయ్స్ రాసినా పర్వాలేదు. కింద పేరు మాత్రం నువ్వే పెట్టు, గీత వంకరపోయినా, కాగితం దాటి బల్ల మీదికి పోయినా సరే. 'మరొక పిల్ల' అని మాత్రం పెట్టకు. ఆ పేరు నేనెప్పుడో కొట్టేశాను.

అన్నయ్య
అల్ఫియస్